వింబుల్డన్ మహిళల సింగిల్స్ లాటరీ కాదు. కాస్త గడ్డి వైపు చూడండి

2017 నుంచి 2025 దాకా వింబుల్డన్ ఎనిమిది సార్లు జరిగింది. 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. ఈ ఎనిమిది సార్లూ మహిళల సింగిల్స్ విజేత వేరే వేరే. ముగురుజా, కెర్బర్, హలెప్, బార్టీ, రిబాకినా, వొండ్రుసోవా, క్రెజికోవా, స్వియాటెక్. ఈ పేర్లు వరసగా రాసి "చూశారా, నిలకడ లేదు, ఎవరికి తగిలితే వాళ్లదే, అంతా లాటరీ" అనేవాళ్లు ఏటా జూలైలో తయారవుతారు. మన స్పోర్ట్స్ పేజీలు కూడా సీడ్ (ర్యాంకును బట్టి టోర్నీకి ముందే వరస నంబర్ ఇచ్చిన క్రీడాకారిణి) ఓడిన ప్రతిసారీ "పెను సంచలనం" అని పెద్దక్షరాల్లో వేస్తాయి. నాకు ఈ మాట మీద గట్టి అభ్యంతరం ఉంది. ఆటను చూడకుండా స్కోరు మాత్రమే చదివేవాళ్ల మాట ఇది.

అసలు ఆ ఎనిమిది మంది ఎక్కడి నుంచి ఊడిపడ్డారో చూద్దాం. ముగురుజా 2017లో గెలవకముందే 2015లో అక్కడ ఫైనల్ ఆడింది. కెర్బర్ 2018లో గెలిచింది, 2016లోనే ఫైనల్ ఆడింది, 2012లో సెమీస్. హలెప్ 2014లో సెమీస్ దాకా వచ్చి, 2019 ఫైనల్లో సెరెనాను 6-2, 6-2తో 56 నిమిషాల్లో ఓడించింది. బార్టీ 2011లో అదే గడ్డి మీద బాలికల సింగిల్స్ గెలిచింది, స్వియాటెక్ కూడా అదే బాలికల టైటిల్ 2018లో గెలిచింది. క్రెజికోవా 2024లో 31వ సీడ్‌గా వచ్చి టైటిల్ కొట్టుకుపోతే అందరూ నోరెళ్లబెట్టారు. కానీ ఆమె 2018లోనూ 2022లోనూ సినియకోవాతో కలిసి అక్కడే డబుల్స్ గెలిచిన మనిషి. పైగా 1998 విజేత యానా నొవోత్నా దగ్గర శిక్షణ పొందింది. నెట్ దగ్గర చేతులు ఎలా ఉంచాలో ఆమెకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. రిబాకినా 2022లో గెలవడానికి ఏడాది ముందు నాలుగో రౌండ్ ఆడింది. ఆమె సర్వ్ చూసినవాళ్లెవరికీ ఆ కప్పు ఆశ్చర్యం కాదు.

నిజంగా ఎవరూ ఊహించనిది ఒక్క వొండ్రుసోవా. 2023లో 42వ ర్యాంకుతో వచ్చి, ఓపెన్ ఎరాలో, అంటే 1968లో ప్రొఫెషనల్స్‌ను రానిచ్చిన తర్వాత, సీడింగ్ లేకుండా ఈ టైటిల్ గెలిచిన తొలి మహిళ అయింది. అదైనా అదృష్టమా? దారిలో ఐదుగురు సీడ్లను ఓడించింది. ఎడమచేతి సర్వ్, కిందుగా జారేలా కోసి పంపే స్లైస్, చెప్పాపెట్టకుండా నెట్ పక్కనే పడేసే డ్రాప్ షాట్. ఫైనల్ రోజు సెంటర్ కోర్టు పైకప్పు మూసి ఆడించారు. గాలి లేని చోట అంత సున్నితమైన ఆటకు ఇంకేం కావాలి!

కాబట్టి ఎనిమిదిలో ఏడుగురికి ఆ గడ్డితో ముందే పరిచయం ఉంది. దాన్ని లాటరీ అనరు.

ఇప్పుడు అసలు సంగతి, గడ్డి. వింబుల్డన్ కోర్టుల మీద 2001 నుంచి నూటికి నూరు శాతం పెరెన్నియల్ రై గడ్డే వేస్తున్నారు. అంతకు ముందు 70 శాతం రై, 30 శాతం ఫెస్క్యూ అనే ఇంకో రకం గడ్డి కలిపేవారు. టోర్నీ రోజుల్లో గడ్డి ఎత్తు 8 మిల్లీమీటర్లు. రోజూ కోస్తారు, రోజూ గీతలు మళ్లీ వేస్తారు. కింద బంకమట్టి ఎక్కువున్న నేల, గట్టిగా రోలింగ్ చేసి ఉంటుంది. రై గడ్డి గట్టిది, తొందరగా చావదు. నేల కూడా గట్టిపడేసరికి బంతి పాతరోజుల కంటే కాస్త ఎక్కువే లేస్తోంది. అందుకే సర్వ్ చేసి నెట్ దగ్గరికి ఉరికే ఆట తగ్గి బేస్‌లైన్ (కోర్టు వెనక గీత) దగ్గర నుంచి కొట్టే ఆట పెరిగింది. అంతమాత్రాన అది సిమెంటులా గట్టిగా ఉండే హార్డ్‌కోర్టు అయిపోలేదు. మట్టి కోర్టు బంతిని పట్టుకుని ఆపి పైకి లేపుతుంది. గడ్డి పట్టుకోదు. బంతి తన వేగంతో జారుకుంటూ ముందుకే వస్తుంది, మోకాలి ఎత్తు కూడా దాటని సందర్భాలు ఎన్నో.

దీనివల్ల ఏం మారుతుంది? దాదాపు అన్నీ మారతాయి. మట్టి మీద బేస్‌లైన్‌కి రెండు మీటర్లు వెనక నిలబడి, రాకెట్‌ను పూర్తిగా వెనక్కి తీసి, టాప్‌స్పిన్‌తో, అంటే బంతిని ముందుకు తిప్పి, భుజం ఎత్తుకు లేపి కొట్టే అమ్మాయికి ఇక్కడ ఆ సమయమే దొరకదు. స్వింగ్ కుదించాలి. నడుము వంచితే చాలదు, మోకాళ్లు వంచాలి. నడుము వంచి కొడితే బంతి నెట్‌లోనే పడుతుంది. ఎత్తుగా లేచేలా తిప్పి వేసే కిక్ సర్వ్ మట్టి మీద లేచినట్టు లేవదు కాబట్టి రెండో సర్వ్ నెమ్మదిగా వేస్తే ఎదుటివాళ్లు ముందుకొచ్చి చావగొడతారు. మన సానియా మీర్జా 2015లో హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. అదే సానియా అక్కడ సింగిల్స్‌లో రెండో రౌండ్ దాటలేదు. ఆ ఫోర్‌హ్యాండ్‌కు ఏ కోర్టైనా లొంగుతుంది, కానీ సింగిల్స్‌లో సర్వ్ బరువంతా ఒక్కరే మోయాలి. డబుల్స్‌లో నెట్ దగ్గర హింగిస్ లాంటి తోడు ఉంటే ఆ లోటు కనిపించదు.

అడుగుల సంగతి ఇంకా ముఖ్యం. మట్టి మీద జారుతూ వెళ్లి కొట్టొచ్చు. గడ్డి మీద, ముఖ్యంగా మొదటి మూడు నాలుగు రోజులు, అలా జారబోతే ఆసుపత్రికే. అప్పుడు బేస్‌లైన్ దగ్గర గడ్డి పచ్చగా, తేమగా ఉంటుంది. పైకప్పు మూస్తే తేమ బయటికి పోయే దారి ఉండదు, ఇంకా జారుతుంది. 2021లో సెరెనా మొదటి రౌండ్‌లో, మొదటి సెట్‌లోనే కాలు జారి ఏడుస్తూ కోర్టు వదిలింది. గడ్డి కోర్టు షూ అడుగున చిన్న రబ్బరు బొడిపెలు ఉంటాయి, అవి గడ్డిని పట్టుకోవాలి. కానీ బూటు ముందు అంచు చుట్టూ బొడిపెలు ఉండకూడదని నిబంధన ఉంది, గడ్డి పెకిలిపోతుందని. అందుకని మిగిలిన పనంతా కాళ్లే చెయ్యాలి. బంతి దగ్గరికి పెద్ద అంగలు వెయ్యకూడదు. చివరి మూడు నాలుగు అడుగులు చిన్నచిన్నగా, బరువు మధ్యలో ఉంచి వెయ్యాలి. రెండో వారానికి బేస్‌లైన్ దగ్గర గడ్డి అరిగి మట్టి బయటపడుతుంది, పట్టు దొరుకుతుంది, బంతి కాస్త లేస్తుంది. ఒకే టోర్నీలో రెండు కోర్టులు ఆడినట్టు ఉంటుంది. మొదటి వారం బతికిన మట్టికోర్టు క్రీడాకారిణికి రెండో వారం సులువవుతుందని నేను అనేది ఇందుకే.

స్వియాటెక్ కథ మొత్తం ఇక్కడే ఉంది. ఆమె ఫోర్‌హ్యాండ్ పట్టు బాగా తిప్పి పట్టుకునేది, స్వింగ్ పొడవు. కిందకి జారే బంతి ఆమెకు విషం. 2022లో 37 వరుస విజయాల తర్వాత అక్కడే మూడో రౌండ్‌లో కార్నెట్ చేతిలో ఓడింది. 2024లో మళ్లీ మూడో రౌండ్‌లో పుతిన్‌త్సెవా. ఆ రెండేళ్లూ మట్టి మీద జరిగే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి అలసిపోయి వచ్చింది, 2024లో అయితే గడ్డి మీద ఒక్క సన్నాహక టోర్నీ కూడా ఆడలేదు. 2025లో ఫ్రెంచ్ సెమీస్‌లో సబలెంకా చేతిలో ఓడింది. ఆ ఓటమే మేలు చేసింది. గడ్డి మీద సాధనకు రోజులు దొరికాయి, జర్మనీలో గడ్డి మీద జరిగే బాడ్ హాంబర్గ్ టోర్నీలో ఫైనల్ దాకా ఆడింది. అప్పటి ఆమె కోచ్ విమ్ ఫిసెట్ ఎవరనుకున్నారు? 2014లో హలెప్ సెమీస్‌కు వచ్చినప్పుడు, 2018లో కెర్బర్ గెలిచినప్పుడు వాళ్ల పక్కన ఉన్నది ఆయనే. ఆ ఏడాది వింబుల్డన్‌లో స్వియాటెక్ ఒక్క సెట్ మాత్రమే కోల్పోయింది. ఫైనల్లో అనిసిమోవాపై 6-0, 6-0, 57 నిమిషాలు. 1911 తర్వాత అక్కడ మహిళల ఫైనల్లో అలాంటి స్కోరు అదే మొదటిది. దాన్ని కూడా "ఇదేం ఫైనల్" అని వెటకారం చేసినవాళ్లున్నారు. సెమీస్‌లో సబలెంకాను ఓడించి వచ్చిన అమ్మాయి అనిసిమోవా. ఆ రోజు ఆమె సర్వ్ గాడి తప్పింది. గడ్డి మీద సర్వ్ పోతే దాచుకోవడానికి చోటుండదు, మట్టి మీదలా ర్యాలీలు సాగదీసి ఊపిరి పీల్చుకునే వీలు లేదు.

అదే ఏడాది గాఫ్‌ను చూడండి. జూన్ 7న ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. బెర్లిన్‌లో గడ్డి మీద ఆడిన మొదటి మ్యాచ్‌లోనే ఓడింది. వింబుల్డన్‌లో రెండో సీడ్, మొదటి రౌండ్‌లో యస్ట్రెమ్‌స్కా చేతిలో ఓటమి, తొమ్మిది డబుల్ ఫాల్ట్‌లు (రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం). "సంచలనం" అన్నారు. ఎక్కడి సంచలనం? గడ్డి మీద ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా వచ్చినామె ఓడింది. ఒక మహిళ ఒకే ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ రెండూ గెలవడం 2015లో సెరెనాతోనే ఆఖరు. మధ్యలో ఉన్నది మూడు వారాలు. 2015కి ముందైతే రెండే. సన్నద్ధత ఎక్కువైనా ఇబ్బందే, అదీ ఒప్పుకోవాలి. పెగులా బాడ్ హాంబర్గ్ ఫైనల్లో స్వియాటెక్‌ను ఓడించి, మూడు రోజుల్లో వింబుల్డన్ మొదటి రౌండ్ ఆడి కోచరెట్టో చేతిలో వరుస సెట్లలో ఇంటిముఖం పట్టింది.

సీడింగ్ మాట ఎవరూ ఎత్తరు, నా కోపం ఎక్కువగా దాని మీదే. మహిళల సీడింగ్ ర్యాంకుల మీదే ఇస్తారు. ఆ ర్యాంకులు ఎక్కడ వస్తాయి? మహిళల టెన్నిస్ సంస్థ డబ్ల్యూటీఏలో 1000 స్థాయి (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి మెట్టు) టోర్నీలు పది. ఎనిమిది హార్డ్‌కోర్టు మీద, మాడ్రిడ్, రోమ్ మట్టి మీద. గడ్డి మీద ఒక్కటీ లేదు. అంటే హార్డ్‌కోర్టు మీద, మట్టి మీద కూడబెట్టిన పాయింట్లతో గడ్డి మీద సీడ్ నంబర్ ఇస్తున్నాం, ఆ నంబర్ ఓడిపోతే అదేదో వింత అన్నట్టు మాట్లాడుతున్నాం. పురుషులకు 2019 వరకు ఒక లెక్క ఉండేది. ర్యాంకింగ్ పాయింట్లకు గత 12 నెలల గడ్డి పాయింట్లు మళ్లీ కలిపి, అంతకు ముందు 12 నెలల్లో గడ్డి మీద ఆడిన అత్యుత్తమ టోర్నీ నుంచి 75 శాతం కూడా చేర్చేవారు. మహిళలకు ఆ లెక్క ఏనాడూ పెట్టలేదు. ఇప్పుడు పురుషులకూ తీసేశారు. ఆ లెక్క ఉన్నా 2023లో వొండ్రుసోవాకు సీడింగ్ దక్కేది కాదు, నిజమే. నేనడిగేది జోస్యం కాదు. గడ్డి మీద ఆడినదానికి గడ్డి మీద విలువ ఇవ్వమంటున్నాను. అన్నిటికంటే ముందు గడ్డి మీద ఒక 1000 స్థాయి టోర్నీ పెట్టాలి. లండన్‌లో గడ్డి కోర్టులున్న క్వీన్స్ క్లబ్‌లో మహిళల టోర్నీ 1973 తర్వాత మళ్లీ 2025లోనే వచ్చింది, అదీ 500 స్థాయి. దాన్ని ఎవరు గెలిచారు? 37 ఏళ్ల టట్యానా మారియా, ఫోర్‌హ్యాండ్ కూడా స్లైస్ చేసే మనిషి. 2022లో 103వ ర్యాంకుతో వింబుల్డన్ సెమీస్ ఆడింది కూడా ఆమే. 2025లో ఇంకో 37 ఏళ్ల జర్మన్, సీగెమండ్, 104వ ర్యాంకుతో మాడిసన్ కీస్‌ను ఓడించి, క్వార్టర్స్‌లో నంబర్ వన్ సబలెంకాను మూడు సెట్లు పరిగెత్తించింది. ర్యాంకు చెప్పని విషయం గడ్డి చెబుతోంది.

ఒక్క మంచి మార్పును మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. వింబుల్డన్‌లో అంతా తెల్లబట్టలే వెయ్యాలి, కానీ 2023 నుంచి స్కర్టు కింద ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చు, స్కర్టు కంటే పొడవు ఉండకూడదు, అంతే. నెలసరి రోజుల్లో తెల్లబట్టలతో సెంటర్ కోర్టులో నిలబడటమంటే ఎంత గుబులో ఆ నిబంధనలు రాసినవాళ్లకు ఇన్నేళ్లు పట్టింది అర్థం కావడానికి.

వచ్చే వింబుల్డన్ మొదటి సోమవారం, మంగళవారం మ్యాచ్‌లు పెట్టుకున్నప్పుడు మొదటి మూడు గేమ్‌లు బంతిని వదిలేసి రిసీవర్ పాదాలు చూడండి. సర్వర్ బంతిని కొట్టే క్షణానికి ఆమె చిన్న గెంతు వేసి రెండు కాళ్ల మీద సమంగా దిగుతోందా, రెండో సర్వ్‌కు ఒక అడుగు ముందుకొస్తోందా, స్లైస్ వచ్చినప్పుడు మోకాలు నేలకు ఎంత దగ్గరగా వెళ్తోంది. ఆ తర్వాత పేరు పక్కనున్న సీడ్ నంబర్ చూడండి.