ఒకే ఖాతా, రెండు నష్టాలు

కోర్టులో ఇరుపక్షాలూ చెరో అకౌంటెంట్‌ను సాక్షిగా తెచ్చుకుంటాయి. ఇద్దరూ చూసేది అవే ఖాతాలు. అయినా ఒకరు చెప్పిన నష్టంలో రెండోవారు మూడో వంతు కోసేస్తారు. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని చూసేవాళ్లకు అనిపిస్తుంది. చాలా కేసుల్లో ఇద్దరి కూడికలూ సరిగ్గానే ఉంటాయి.

ఒప్పందం మధ్యలో రద్దయి ఒక సంస్థ పదేళ్లపాటు ఏటా 100 లక్షల లాభం పోగొట్టుకుందనుకుందాం. రాబోయే డబ్బును ఈనాటి విలువకు దించాలంటే డిస్కౌంట్ రేటు, అంటే ఏటా ఎంత శాతం చొప్పున తగ్గించాలన్న లెక్క, కావాలి. రిస్క్ ఎక్కువనుకుంటే ఈ రేటు పెరుగుతుంది. 10 శాతమైతే నష్టం సుమారు 614 లక్షలు, 20 శాతమైతే దాదాపు 419 లక్షలే. తేడా అంతా ఆ వ్యాపారంలో రిస్క్ ఎంతన్న అంచనాలోనే ఉంది. లాభం పదేళ్లూ అదే స్థాయిలో వచ్చేదా? సంస్థ వేరే కాంట్రాక్టు వెతుక్కుని ఎంత పూడ్చుకోగలిగేది? పని ఆగిపోవడంతో ఆదా అయిన ఖర్చులను నష్టంలోంచి తీసేశారా? వీటికి జవాబులు చాలావరకు లాయరు ఇచ్చిన సూచనల్లోంచే వస్తాయి. అకౌంటెంటు సంతకం కింద అవి నిపుణుడి అభిప్రాయంలా కనిపిస్తాయి.

చట్టాలకు ఈ ప్రమాదం తెలియక కాదు. ఫీజు ఎవరిచ్చినా నిపుణుడి మొదటి బాధ్యత కోర్టుకేనని ఇంగ్లండ్ సివిల్ ప్రొసీజర్ నిబంధనల 35వ భాగం చెబుతోంది. నిర్లక్ష్యంగా పనిచేసిన నిపుణులపై వారిని పెట్టుకున్న క్లయింటు దావా వేయకుండా ఉన్న రక్షణను బ్రిటన్ సుప్రీంకోర్టు 2011లో తొలగించింది. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో నిపుణుడి పద్ధతి నమ్మదగినదేనని, అతడి అభిప్రాయం ఆ పద్ధతికి కట్టుబడే ఉందని సాక్షిని తెచ్చిన పక్షమే చూపించాలని 2023 డిసెంబరులో నిబంధనను మరింత స్పష్టం చేశారు. ఇవన్నీ పచ్చి పక్షపాతాన్ని పట్టుకోగలవేమో కానీ, మర్యాదగా రాసుకున్న ఒక ఊహను పట్టుకోవడం కష్టం.

క్రాస్ ఎగ్జామినేషన్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అక్కడ గెలిచేది తరచూ టెన్షన్ పడకుండా మాట్లాడగలిగినవాళ్లు. ఆస్ట్రేలియా కోర్టుల్లో ఇద్దరు నిపుణులనూ ఒకేసారి కూర్చోబెట్టి జడ్జి ప్రశ్నించే పద్ధతి బాగా నడుస్తోంది. సహవృత్తిదారు పక్కనే ఉంటే నిలబడని మాట అనడానికి ఎవరైనా జంకుతారు. దానికి తోడు రిపోర్టు మొదటి పేజీలోనే ఏ ఊహ ఎవరిచ్చారో, అది మారితే మొత్తం ఎంత మారుతుందో రాయించాలి. అప్పుడు జడ్జి తనకు సబబనిపించిన రేటు చెప్పి, అక్కడికక్కడే ఇద్దరిచేతా మళ్లీ లెక్క కట్టించవచ్చు.