నోటికి చప్పుడు కావాలి అధ్యక్షా

అధ్యక్షా, నాది ఒడిశాలో ఉన్న బరంపురం, వయసు 47, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 84 కిలోలు. ఈ 84లో ఓ తొమ్మిది పది కిలోలు సాయంత్రం నాలుగు నుంచి ఏడు లోపు తిన్నవే అని మా ఇంట్లో ఏకగ్రీవ తీర్మానం అయిపోయింది, నేను కూడా చెయ్యి ఎత్తాను, ఎత్తకపోతే కాఫీ రాదు. బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువో కాదో చెప్పే లెక్క, కడితే 30కి వెంట్రుకవాసి తక్కువ వచ్చింది. మన దేశం వాళ్ళకి 23 దాటితేనే ఎక్కువ బరువు కింద లెక్కట, 25 దాటితే ఊబకాయమట. అంటే నేను ఎప్పుడో స్టేషన్ దాటేసిన రైలుని.

పోయిన నెల డాక్టరుగారు ఒక కాగితం చేతిలో పెట్టారు. పొద్దున ఏం తినాలి, మధ్యాహ్నం అన్నం ఎంత, రాత్రి ఎన్నింటికల్లా ముగించాలి, అన్నీ ఉన్నాయి అందులో, వాటితో నాకేం పేచీ లేదు, అన్నం తగ్గించమన్నా తగ్గిస్తాను, పంచదార మానమన్నా మానేస్తాను, నేను అంత మొండివాడిని కాదు. కానీ సాయంత్రం నాలుగున్నర దగ్గర ఒక లైన్ ఉంది. "కరకరలాడే ఆరోగ్యకరమైన స్నాక్, గుప్పెడు." రాజ్యాంగం రాయడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది, ఈ ఒక్క లైన్‌కి మా ఇంట్లో అర్థం తేలేసరికి అంతకన్నా ఎక్కువే పట్టేట్టుంది.

ముందు సభవారు మా ఊరి సంగతి తెలుసుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు గీత గీశారు కదా, ఆ గీత ఊళ్ళ మీద గీశారు, భాషల మీద గీశామనుకున్నారు, తిండి మీద గీయడం ఎవరి వల్లా కాలేదు. దాంతో మాకు రెండు వైపులా దెబ్బే. తెలుగిళ్ళ వైపు నుంచి జంతికలు, చెగోడీలు, పప్పుచెక్కలు, డాబా నిండా ఎండే అప్పడాలూ వడియాలూ. ఒడియా వైపు నుంచి బరా అనే గారెలు, పియాజి అనే ఉల్లి పకోడీలు, గుప్‌చుప్ అనే పానీపూరీ, చద్దన్నంలో నంజుకోడానికి వేయించి నలిపిన బడి, అదే వాళ్ళ వడియం. ఇటు శ్రీకాకుళం వాడికి ఒకటే వంటిల్లు, అటు కటక్ వాడికి ఒకటే వంటిల్లు, మాకు మాత్రం రెండు. అసలు అప్పడాలకీ పచ్చళ్ళకీ పేరుపడ్డ ఊళ్ళో మనిషిని డైట్‌లో పెట్టడమంటే చేపని చెరువులోనే ఉంచి ఒళ్ళు తడవకూడదని చెప్పడం.

సరే, అసలు విషయం. కరకర ఎందుకు కావాలి? ఉడకబెట్టిన శెనగలు పెడితే తినొచ్చు కదా, జామకాయ తినొచ్చు కదా అంటుంది మా ఆవిడ. తినొచ్చు. కానీ ఆకలి వేరు, నోటికి చప్పుడు కావడం వేరు. ఇది నా సొంత కవిత్వం కాదు. 2008లో మాసిమిలియానో జాంపీని, చార్లెస్ స్పెన్స్ అని ఇద్దరికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వొచ్చే పరిశోధనలకి ఇచ్చే నోబెల్ అన్నమాట. వాళ్ళేం చేశారంటే మనుషులకి చిప్స్ ఇచ్చి, కొరికినప్పుడు వచ్చే చప్పుడునే హెడ్‌ఫోన్లో కాస్త మార్చి వినిపించారు. చప్పుడు పెంచితే అదే చిప్పు తాజాగా ఉంది, బాగా కరకరలాడుతోంది అన్నారట, తగ్గిస్తే మెత్తబడిపోయింది అన్నారట. చిప్పు మారలేదు అధ్యక్షా, చెవి మారింది. అంటే ముప్ఫై ఏళ్ళుగా నాలుక చేసిన తప్పని నేను తిట్టించుకుంటున్నది చెవి చేసిన తప్పు. మా ఆవిడకి ఇది చదివి వినిపించాను, అయితే చెవుల్లో దూది పెట్టుకుని తినండి అంది. సైన్స్ అంటే ఈ దేశంలో గౌరవం లేదు.

పైగా మాది సముద్రం గాలి తగిలే ఊరు, గోపాల్‌పూర్ పక్కనే. వానాకాలంలో డబ్బా మూత పది నిమిషాలు తీసి ఉంచితే మరమరాలు దూది అయిపోతాయి. గాలిలో తేమ లోపలికి పోతే కరకర చచ్చిపోతుంది, అందుకే ప్యాకెట్లలో నైట్రోజన్ నింపుతారు, కొనేవాడు గాలి కొన్నానని తిడతాడు గానీ ఆ గాలే చప్పుడుకి కాపలా. అంటే మా ఊళ్ళో ప్యాకెట్ విప్పాక మిగిల్చి రేపు తిందాం అనే మాట చెల్లదు. మిగిల్చింది రేపటికి మెత్తబడుతుంది, మెత్తబడింది పారెయ్యాలి, తిండి పారేస్తే పాపం, కాబట్టి ఇవాళే తినెయ్యాలి. ఇందులో నా తిండిపోతుతనం ఎక్కడుందో చూపించండి.

ఇక మఖానా. ఈ కాలంలో డైట్ అనే మాట అన్నవాడి ఇంట్లోకి మఖానా దానంతట అదే వస్తుంది, పెళ్ళి కుదిరిన ఇంటికి చుట్టాలు వచ్చినట్టు. మా బావమరిది పర్లాకిమిడి నుంచి తెచ్చాడు, "బావా, తామర గింజలు, జీరో ఫ్యాట్" అంటూ. ముందు ఒక మాట, అవి తామర గింజలు కావు, తామరకి చుట్టం లాంటి ముళ్ళ కలువ ఒకటుంది, దాని గింజలు. ఎక్కువ భాగం బీహార్ చెరువుల నుంచే వస్తాయి, మిథిలా మఖానాకి 2022లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా చోటి సరుకే అనే ముద్ర, కూడా ఇచ్చారు. ఆ గింజని వేడి చేసి, వేడి మీదే కొడితే ఠప్పున పేలి తెల్లగా పువ్వు అవుతుంది. పాపం చాలా కష్టపడి తయారయ్యే వస్తువు, నాకు దాని మీద కోపం లేదు. నా బాధల్లా ఏంటంటే, వేడి ఇసుకలో ఉప్పుడు బియ్యం వేసి పేలిస్తే మా ముఢీ, అదేనండి మరమరాలు, అవి వస్తాయి కదా, అది కూడా గింజలోపల తడి ఆవిరై పేలడమే కదా, మరి దీన్ని గోనెసంచిలో పోసి అమ్మితే పేదోడి తిండి, దాన్ని జిప్ ఉన్న కవర్లో పోసి అమ్మితే సూపర్ ఫుడ్డా?

వంద గ్రాములకి మఖానాలో 350 కేలరీలు అటూ ఇటూ, మరమరాల్లో 400 లోపు. పెద్ద ఆస్తి తేడా ఏం లేదు. అయినా మా బావమరిది మాట కాదనకూడదు కదా అని తిన్నాను. మొదటి రోజు ఉత్తవి తిన్నాను, థర్మోకోల్‌కి ఉప్పు రాస్తే ఎలా ఉంటుందో ఆ సందేహం తీరింది. రెండో రోజు మా ఆవిడకే జాలేసి ఒక చెంచా నెయ్యి వేసి వేయించింది, బాగున్నాయి. మూడో రోజు నేనే వేయించుకున్నాను, చెంచా కాస్త పెద్దది దొరికింది. 30 గ్రాముల మఖానా అంటే వంద కేలరీల పైచిలుకు, చిన్న చెంచా నెయ్యి 5 గ్రాములంటే ఇంకో 45, ఎందుకంటే కొవ్వు ఏదైనా గ్రాముకి 9 కేలరీలు, ఆవు నెయ్యైనా ఆలివ్ నూనైనా దానికి కులం లేదు. నా పెద్ద చెంచా లెక్క సభలో చెప్పను.

తర్వాత ప్యాకెట్ల యుగం వచ్చింది. బేక్డ్, రోస్టెడ్, మల్టీగ్రెయిన్, డైట్ చివడా, కవర్ మీద ఆకుపచ్చ రంగు, ఆకుపచ్చ చూస్తే చాలు మనకి కొత్తిమీర కట్ట కొన్నంత పుణ్యం. నాకు తెలిసిందేంటంటే ప్యాకెట్ ముందువైపు కవిత్వం, వెనకవైపు దస్తావేజు. వెనక పదార్థాల పేర్లు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని దాకా వరసలో రాయాలని రూలు. నేను కొన్న చోళ్ళ, అదే రాగుల, మిక్చర్ వెనక్కి తిప్పి చూస్తే మొదట బియ్యప్పిండి, తర్వాత నూనె, తర్వాత శెనగపిండి, ఆ తర్వాత ఎక్కడో పెళ్ళి పందిట్లో ఆఖరి బంతిలో కూర్చున్న చుట్టంలా చోళ్ళు. ఒడిశాలో 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టారు, మాండియా అని చోళ్ళకి నవంబర్ 10న ఒక రోజు కూడా పెట్టారు, అంత గౌరవం ఉన్న గింజకి ప్యాకెట్‌లో ఈ గతి. చోళ్ళలో కాల్షియం నిజంగానే బాగుంటుంది, నూనెలో మునిగినా ఆ కాల్షియం ఎక్కడికీ పోదు, కాకపోతే నూనె కూడా ఎక్కడికీ పోదు.

కాల్చిన అప్పడం సంగతి డాక్టరుగారిని అడిగాను. నూనె లేదు కదా అని. నూనె లేదు గానీ ఉప్పుంది, సోడా ఉంది అన్నారు, రోజుకి మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకూడదు అన్నారు. నాకు అప్పటికే ఆవకాయలో ఆ కోటా అయిపోతుంది. అప్పడాన్ని పక్కన పెట్టాను. పక్కన అంటే కంచం పక్కన.

ఇక అసలు రాజ్యాంగ సంక్షోభం దగ్గరికి వస్తున్నాను. గుప్పెడు. ఎవరి గుప్పెడు అధ్యక్షా? మన పెద్దవాళ్ళు చిటికెడు, పిడికెడు, గుప్పెడు, చారెడు, దోసెడు అని ఇన్ని రకాలు పెట్టింది ఊరికే కాదు. మా ఆవిడ తన చెయ్యి మూసి ఇదీ గుప్పెడు అంది, ఆ చేతిలో గాజులు వేసుకునే చోటు తప్ప ఇంకేం లేదు. మా బావమరిది వాలీబాల్ ఆడిన మనిషి, చెయ్యి చాపితే చేట, ఆయన గుప్పెడు మా ఇద్దరి రాత్రి భోజనం. నాది మధ్యేమార్గం అన్నాను, ఎవరూ ఒప్పుకోలేదు. ఈ గొడవ తెగక, మా వీధి చివర వెండి కొట్టు ఉంది, ఆయన దగ్గరికి వెళ్ళి కాటా మీద తూయించాను. ఆయన చాలా మర్యాదస్తుడు, "ఏటి బాబూ, పట్టీలు మార్చడానికా" అన్నాడు, నేను సంచిలోంచి మఖానా తీశాను, ఆయన ఏమీ అనలేదు, కళ్ళజోడు మాత్రం తీసి తుడుచుకున్నాడు.

తేలిందేంటంటే నా గుప్పెడు మఖానా ఏడెనిమిది గ్రాములు. అదే గుప్పెడు వేయించిన వేరుశెనగ గుళ్ళు 30 గ్రాముల పైమాటే. అంటే ఒకటేమో 30 కేలరీలు కూడా కాదు, ఇంకోటి 170. రెండూ గుప్పెడే! రెండూ కాగితం ప్రకారం తిన్నట్టే! గుప్పెడు కొలిచేది ఎంత చోటు పట్టిందో, ఒంటికి ఎక్కేది ఎంత బరువుందో. మరమరాలు ఓ పెద్ద గిన్నెడు తింటేనే 30 గ్రాములు, సగం గాలే, కానీ గంటకి మళ్ళీ కడుపు పిలుస్తుంది, ఎందుకంటే అందులో మాంసకృత్తులు అంతంతమాత్రం. వేయించిన శెనగలు గుప్పెడు తింటే పళ్ళకి పనీ ఉంటుంది, చప్పుడూ ఉంటుంది, పీచూ మాంసకృత్తులూ ఉంటాయి కాబట్టి రాత్రి దాకా ఆగుతాయి కూడా. ఇంత పరిశోధన చేసి నేను కనిపెట్టిన సూపర్ ఫుడ్ ఏంటంటే బస్టాండులో పొట్లం కట్టి అమ్మే శెనగలు. చెబితే ఎవరికీ ఆనలేదు. జిప్ కవర్ లేదు కదా.

కాబట్టి నా డిమాండ్ ఏంటంటే, కిలో అంటే ఎంతో చెప్పడానికి పారిస్ దగ్గర ఒక ప్లాటినం ఇరిడియం ముద్దని 2019 దాకా ప్రమాణంగా ఉంచారు కదా, అలాగే రెండు రాష్ట్రాలూ కలిసి ఒక గుప్పెడుని ప్రమాణంగా ఖాయం చేసి ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర గాజు పెట్టెలో పెట్టాలి. అచ్చు తియ్యడానికి చెయ్యి ఎవరిదన్నది అఖిలపక్షం వేసి తేల్చాలి, మా ఆవిడది మాత్రం వద్దు.

శెనగలతో పదకొండు రోజులు నిలబడ్డాను, కిలోంపావు తగ్గాను కూడా. పన్నెండో రోజు ఆఫీసు నుంచి వస్తుంటే ముఢీ బండి మావుసి, అదే పిన్నిగారు, పిలిచింది. ఏళ్ళ తరబడి పరిచయం, పదకొండు రోజులు కనపడకపోతే ఒంట్లో బాగాలేదేమో అనుకుందట. పలకరించకుండా ఎలా పోతాం. ఒట్టి ముఢీ, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఇంతే వెయ్యమన్నాను. వేసింది. తర్వాత మూతకి చిల్లు పెట్టిన సీసాతో ఆవనూనె ఒక చుట్టు తిప్పి, నా మొహం వంక చూసి "ఆఉ టికె" అంది. మా తెలుగు చుట్టాలు ఈ మాట విని ఆవుకి టీకా అనుకుంటారు గానీ, ఒడియాలో దానర్థం ఇంకాస్త అని. మా గంజాం జిల్లాలో ఏ మనిషీ దీనికి వద్దు అన్నట్టు నేను వినలేదు. ఆఉ టికె మిక్చర్, ఆఉ టికె వేరుశెనగ గుళ్ళు, ఒక పియాజి నలిపి పైన, కాస్త ఘుగుని, అదే బఠాణీల కూర. పొట్లం చేతికొచ్చేసరికి కాగితానికి అవతలి వైపు అచ్చయిన వార్త ఇటువైపు నుంచి చదువుకోవచ్చు, నూనెకి అంత పారదర్శకత ఉంది, ఏ ప్రభుత్వానికీ లేదు.

ఆ పాపం కడుక్కుందామని మర్నాడు నుంచి మళ్ళీ శెనగలు మొదలుపెట్టాను, సరిగ్గా అప్పుడే మా అత్తగారు ఇచ్ఛాపురం నుంచి దిగారు, చేతిలో ఐదు కిలోల నూనె డబ్బా, డబ్బాలో జంతికలు. వెన్న వేసి చేశాను బాబూ, ఉట్టినే విరుగుతాయి అన్నారు. నేను డైట్‌లో ఉన్నానండీ అన్నాను చాలా గంభీరంగా. మా ఆవిడ గర్వంగా చూసింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అలా చూడడం అది రెండోసారి.

రాత్రి పదకొండున్నరకి వంటింట్లో లైటు వెయ్యకుండా ఆ మూత తియ్యడానికి నాకు ఏడు నిమిషాలు పట్టింది. ఒక్క జంతిక తీసుకున్నాను, ఒక్కటే, నా మీద ఒట్టు. కొరికితే చప్పుడు, చప్పుడైతే హాల్లో పడుకున్న అత్తగారు లేస్తారు, అందుకని నోట్లో పెట్టుకుని కదలకుండా నిలబడ్డాను, లాలాజలంతో మెత్తబడితే మింగేద్దామని. రెండు నిమిషాలకి అది జంతిక కాదు, తడిసిన పిండి, ఉప్పూ వామూ నూనే అన్నీ ఉన్నాయి గానీ రుచి లేదు. జాంపీనిగారూ స్పెన్స్‌గారూ చెప్పింది అక్షరాలా నిజం అధ్యక్షా, చీకట్లో కళ్ళనీళ్ళు తిరిగాయి.

అప్పుడు హాల్లోంచి వినబడింది, చాలా మెల్లగా, మా ఆవిడ లేవకుండా.

"బాబూ, నానబెట్టుకుని తినకండి, అవి కొరికితేనే బాగుంటాయి. నేను దగ్గుతుంటాను, మీరు కానివ్వండి."