నా వాకిట్లో కూర్చున్న స్పాన్సర్డ్ గారికి

శ్రీయుత స్పాన్సర్డ్ గారి సముఖానికి,

అనంతపురం తాడిపత్రి బస్టాండు దగ్గర బోరు మోటర్లు రీవైండింగ్ చేసుకునేవాడు నమస్కరించి రాసుకునేదేమంటే, ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు కూడా క్షేమమే అని తెలుసు, ఎందుకంటే నిన్న పొద్దున పదకొండుకే గూగుల్‌లో మా షాపు యాడ్‌కి నేను పెట్టిన రోజు బడ్జెట్ మొత్తం మీరు తినేసినారు. వెతికేవాళ్ళు మీ మీద ఒక్కసారి నొక్కితే చాలు, నాకు కోత.

సరే తిన్నారు. తిన్నందుకు ఎవర్ని పంపించినారో చూద్దామని, ఏమేం వెతికి నా యాడ్ మీద నొక్కినారో ఆ లిస్టు తీసినా. మోటర్ డ్రైవింగ్ స్కూల్. మోటర్ ఇన్సూరెన్స్ రెన్యువల్. ఎవరో మహాతల్లి, మిక్సీ మోటర్ కాలిన వాసన వస్తే ఏం చేయాలి. నేను రాసిచ్చింది మోటర్ రిపేర్ అని రెండు ముక్కలు, దానికి చుట్టాల్నీ పక్కాల్నీ కలుపుకుని పోవడాన్ని బ్రాడ్ మ్యాచ్ అంటారంట, మనం మార్చకపోతే అదే ఉంటాదంట. వీళ్ళు వద్దు అంటే నెగటివ్ కీవర్డ్స్ అని ఇంకో లిస్టు రాయల్లంట. అంటే పెళ్ళికి పిలవని వాళ్ళకి కూడా నేనే కార్డులు కొట్టించాల.

ఇంక ఐదు వేలు కడితే 18 శాతం జీఎస్టీ పోను 4,237 రూపాయలే అకౌంట్లో పడేది. రోజుకు 300 అని పెడితే ఒక్కోరోజు 600 దాకా లాగుతారు, నెల లెక్కలో సర్దుతారంట. రైతు దగ్గర నేను ఇట్లా సర్దుతానంటే స్టార్టర్ డబ్బా తీసి నెత్తిన కొడతాడు.

ఇవన్నీ మర్చిపోతా సామీ. మర్చిపోలేనిది గార్లదిన్నె పెద్దాయన సంగతి.

ఆయన మా నాయన కాలం నుంచి మా గిరాకీ. చీనీ (బత్తాయి) తోట, ఏడున్నర హెచ్‌పీ మోటర్. ఒక ఫేజు పోయినా అది అట్లే తిరుగుతానే ఉండింది, కాయిల్ బొగ్గు. కొత్త ఫోన్‌లో నా నంబర్ లేదని మనవడి చేత వెతికించినాడు. ఏం వెతికించినాడు? మోటర్ షాప్ అని కాదు, దగ్గర్లో రిపేర్ అని కాదు, మా షాపు పేరు, అక్షరం పొల్లుపోకుండా. పైన యాడ్ రూపంలో నేను, దాని కిందే డబ్బులు కట్టకుండా వచ్చిన నేను. పిల్లోడు పైదాని మీద నొక్కినాడు. 19 రూపాయలు కట్.

మా బావ మా ఇంటికొస్తే తలుపు తీసినందుకు వాచ్‌మన్ నన్ను డబ్బులు అడిగినట్టుంది. పైగా ఆ పెద్దాయన లగేజ్ ఆటోలో మోటర్ వేసుకొచ్చి దిగీ దిగంగానే ఏమన్నాడో తెలుసా, "ఏం నాయనా, ఫోన్‌లో నీ పేరే మొదట వచ్చింది, పెద్దోడివైపోయినావు" అని భుజం తట్టినాడు. నేనేం చెప్పల్ల ఆయనకి? నవ్వి టీ తెప్పించినా. అదింకో పది.

మరి నీ పేరుకి నువ్వే యాడ్ ఎందుకు వేసుకుంటావు, తీసేయ్ అంటారేమో. తీసేసినా అప్పా, పోయిన నెల్లో. మూడో రోజుకి నా పేరు కొడితే పైన ఇంకో షాపాయన కూర్చున్నాడు. నా పేరుకి వేలంపాట నడుస్తోంది, పాడకపోతే పక్కోడు పాడతాడు. మా ఊర్లో చింతచెట్లకి కూడా వేలం పెడతారు, సరే, చెట్లు పంచాయతీవి. నా పేరు మా నాయన పెట్టింది. అది పంచాయతీది ఎప్పుడైంది?

చెప్పు. ఇంక మీరూ గీరూ లేదు నీకు. ఒకప్పుడు పసుపు డబ్బాలో యాడ్ అని కనపడేదానివి, దూరం నుంచి చూసినా తెలిసేది. 2016లో పచ్చ రంగు వేసుకున్నావు, 2020లో నల్ల రంగు, 2022 నుంచి పైన స్పాన్సర్డ్ అని ఇంగ్లీషులో గొణుగుతున్నావు. నిజాయితీగా సంపాదించేవాడికి ఇన్ని వేషాలెందుకు? చీనీ చెట్ల కింద ఎండలో నిలబడి ఫోన్ చూసే పిల్లోడికి ఆ ముక్క ఎట్ల కనపడల్ల?

నీ తమ్ముడు ఆర్గానిక్, అదే డబ్బులు కట్టకుండా కింద వచ్చేవాడు, వాడు కూడా తక్కువోడేం కాదులే. ఆ పని చేసిపెట్టే పిల్లోడు ఆరు నెలలు ఓపిక పట్టన్నా అంటాడు. ఆరు నెలల్లో శెనక్కాయ విత్తి, పీకి, కట్టె కూడా అమ్ముకోవచ్చు. కానీ నిజం చెప్పాల. మ్యాప్‌లో షాపు ఫోటోలు పెట్టి, బోరు మోటర్ ఎందుకు కాలిపోతాదో మన తెలుగులో ఒక పేజీ రాయిస్తే, ఐదో నెల నుంచి నార్పల వైపు నుంచి కూడా ఫోన్లు మొదలైనాయి, ఇంకా వస్తానే ఉన్నాయి. దానికి రూపాయి కోత లేదు. నువ్వో, బ్యాలెన్స్ అయిపోయిన నిమిషానికి నేను చచ్చిపోయినట్టే చేస్తావు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా. ఏప్రిల్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు రాత్రి తొమ్మిదికి సంపులో మోటర్ కాలితే నీ మీద నొక్కే నా దగ్గరకొచ్చినారు, ఇప్పటికీ నాకే పని ఇస్తున్నారు. ఆ కృతజ్ఞతతోనే ఇంత మర్యాదగా రాస్తున్నా.

పెద్దాయన మోటర్ ఈరోజు సాయంత్రం ఎక్కించి పంపించినా. పోయే ముందు ఆయన ఫోన్ అడిగి తీసుకుని నా నంబర్ నేనే సేవ్ చేసినా, లిస్టులో మొదట రావాలని పేరు ముందు రెండు అ-లు పెట్టి.

ఇట్లు,
పేరు రాయను, దానికీ వేలం పెడతావు.