ఇటుకల మిషన్ సంగతి తర్వాత, ముందు యార్డు లెక్క వేసుకోండి

ఫ్లై యాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే బూడిద) ఇటుకల యూనిట్ పెడితే నెలకు లక్షలు మిగులుతాయని చెప్పే వీడియోలు ఈ మధ్య విపరీతంగా తిరుగుతున్నాయి. మిషన్ చూపిస్తారు, రోజుకు పదివేల ఇటుకలంటారు, పీఎంఈజీపీ (కేంద్రం సబ్సిడీ ఇచ్చే స్వయం ఉపాధి పథకం) లోను వస్తుందంటారు. ఇటుకలు పేర్చి, నీళ్లతో తడిపి గట్టిపరిచే క్యూరింగ్ యార్డు గురించి ఒక్క ముక్క ఉండదు. బాకీల మాట అసలే ఉండదు. ఈ వ్యాపారంలో దిగినవాళ్లు మునిగేది సరిగ్గా ఆ రెండు చోట్లే. ఊళ్లో పొలం అమ్మి పెట్టుబడి పెట్టేవాళ్లకు సగం లెక్క చెప్పి పంపడం అన్యాయం.

అవకాశం లేదని కాదు. ఇళ్లు, ప్రహరీలు, డ్రెయిన్లు, స్కూలు గదులు కడుతూనే ఉన్నారు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్లకు ₹5 లక్షల చొప్పున ఇస్తున్నారు, అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. ముడిసరుకుకూ కొదవ లేదు. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం, పరవాడ, ముద్దనూరు థర్మల్ కేంద్రాల దగ్గర బూడిద గుట్టలుగా ఉంది. 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదంతా వినియోగంలోకి తేవాలి, లేకుంటే టన్నుకు ₹1000 పరిహారం కట్టాలి. అసలు బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుక చేసే ఫాల్-జి పద్ధతి పుట్టిందే మన విశాఖలో. మట్టి ఇటుక కోసం పొలాల పైమట్టి చెక్కేయడం ఆగాలన్నా ఇదే దారి.

కానీ బూడిదలో రెండు రకాలున్నాయి. కేంద్రంలోని సైలో (నిల్వ గోపురం) నుంచి బల్కర్ అనే మూత ట్యాంకరులో వచ్చే పొడి బూడిద మెత్తగా ఉంటుంది, సిమెంటుతో కలిసి బలం ఇస్తుంది. దాన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎగరేసుకుపోతాయి. చిన్న యూనిట్‌కు ఎక్కువగా దొరికేది చెరువు బూడిద, అంటే నీళ్లతో కలిపి కేంద్రం పక్కన చెరువులోకి వదిలినది. అది గరుకు, అందులో కాలని బొగ్గు ఉంటుంది, పైగా తడి. వంద టన్నులు తెస్తే అందులో పాతిక టన్నులు నీళ్లే అయ్యే రోజులుంటాయి, ఆ నీళ్లకూ లారీ కిరాయి కట్టాలి. కాబట్టి బూడిద ఉచితమే కదా అనుకోవద్దు, దాని ధర అంటే కిరాయే. నా అభిప్రాయంలో బూడిద తెచ్చే దూరం 60 కిలోమీటర్లు దాటితే ఆ చోట యూనిట్ పెట్టొద్దు.

మిశ్రమం బరువు లెక్కన బూడిద 55-60 శాతం, క్రషర్ డస్ట్ (కంకర కొట్టేటప్పుడు వచ్చే రాతి పొడి) 30-35, సిమెంటు 8-10. 230×110×75 మిల్లీమీటర్ల ఇటుక మూడు కిలోలు దాటుతుంది. బస్తా సిమెంటుకు 160 నుంచి 200 ఇటుకలు రావాలి. 250 తీస్తున్నామని గొప్ప చెప్పుకునేవాళ్ల ఇటుక లోడు దించేటప్పుడే మూలలు రాలిపోతుంది. డస్ట్ పిడికిట్లో నలిపి వదిలితే అరచేతికి మట్టి అంటుకోకూడదు. క్వారీ పైపొర మట్టి కలిసిన డస్ట్ చవగ్గా వస్తుంది, బలాన్ని తినేస్తుంది.

ప్యాన్ మిక్సర్‌లో ముందు మూడూ పొడిగా తిరగాలి, ఆ తర్వాతే నీళ్లు. మిశ్రమం పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి చెమ్మ మాత్రమే తగలాలి. నీళ్లు ఎక్కువైతే అచ్చు వదలదు, తక్కువైతే అంచులు విరుగుతాయి. నీళ్లు పోసిన మిశ్రమాన్ని అరగంట లోపు అచ్చులో వేసేయాలి. భోజనాలకు వెళ్తూ ప్యాన్‌లో వదిలేసి, వచ్చాక మళ్లీ నీళ్లు చల్లి వేసే బ్యాచ్ ఉంటుందే, ఆరు వారాల తర్వాత కస్టమర్ ఫోన్ వచ్చేది దాని గురించే.

ఇప్పుడు యార్డు. అచ్చు నుంచి వచ్చిన ఇటుక ఒకటి రెండు రోజులు నీడలో చెక్క ప్యాలెట్ మీదే ఉండాలి. తర్వాత పేర్చి కనీసం 14 రోజులు తడపాలి, కొన్నాళ్లు ఆరనివ్వాలి. బూడిద సిమెంటుతో నెమ్మదిగా కలుస్తుంది, పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది. మొత్తం 21 రోజులే అనుకున్నా, రోజుకు 10,000 చొప్పున ఎప్పుడూ 2.1 లక్షల ఇటుకలు యార్డులోనే ఉంటాయి. నడుము ఎత్తున పేరిస్తే చదరపు మీటరుకు 500 పడతాయి. దొంతుల మధ్య దారి, లారీ తిరిగే చోటు కలిపితే ఇటుకకే 30 సెంట్లు కావాలి. షెడ్డు, బూడిద, డస్ట్ కుప్పలు కలిపితే ఎకరం. అరెకరంలో పెట్టినవాడు చోటు చాలక ఆరో రోజునే లోడు ఎత్తేస్తాడు. ఆ ఇటుక గోడలో కూర్చున్నాక కుంచించుకుపోతుంది, ప్లాస్టరింగ్ మీద అడ్డంగా, నిలువుగా పగుళ్లు తేలతాయి. మేస్త్రి మాత్రం బూడిద ఇటుకే అంత అని ఊరంతా చెప్తాడు. తప్పు బూడిదది కాదు, ఆరో రోజున ఎత్తిన లోడుది.

నీళ్ల సంగతీ చూసుకోండి. కోస్తాలో ఉప్పు బోరు నీళ్లతో తడిపితే గోడ మీద తెల్లగా ఉప్పు తేలుతుంది, రంగు నిలవదు. స్థలం కొనేముందే బోరు నీళ్లు ల్యాబుకు పంపండి.

సొంతంగా చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. బాగా ఆరిన ఇటుక తూచండి, ఒక రోజంతా నీళ్లలో ముంచి, తుడిచి మళ్లీ తూచండి. 3.1 కిలోలది 3.6 అయితే 16 శాతం పీల్చినట్టు. 20 దాటిందంటే ఆ బ్యాచ్ అమ్మకండి. బలం పరీక్ష ల్యాబులో నెలకొకసారైనా చేయించాలి, ప్రభుత్వ పనుల్లో రిపోర్టు అడుగుతారు.

డబ్బు లెక్క దీనికంటే కఠినం. ఇటుకకు ఖర్చు ₹5, అమ్మకం ₹6 అనుకుందాం, ఊరినిబట్టి మారుతుంది. యార్డులో తడుస్తున్న సరుకు విలువే పదిన్నర లక్షలు. నెలకు 2.5 లక్షల ఇటుకలు అమ్మి, బిల్డర్ రెండు నెలలకు ఇస్తే బయట ఇరుక్కునేది ₹30 లక్షలు. ప్రభుత్వ ఇళ్లకూ డబ్బు దశలవారీగా, పని అయ్యాకే పడుతుంది, అంటే అప్పటిదాకా అప్పు పెట్టేది ఇటుకలవాడే. పీఎంఈజీపీ సబ్సిడీ కూడా చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది. అది చూసుకుని ఖర్చుపెట్టకండి.

అందుకే మొదటి రోజే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) చేయించి, ఆ నంబరు ప్రతి బిల్లు మీద వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజుల్లో చెల్లించాలి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ. గడువు దాటిన బాకీని కొన్నవాడు చెల్లించేదాకా తన ఆదాయపన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకోలేడనే నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పెద్ద బిల్డర్ దగ్గర ఉన్న ఆడిటర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. బాకీ గుర్తుచేస్తూ పంపే ఉత్తరం ఆయనకూ ఒక కాపీ పంపండి, మార్చి నెలకు ముందే.