తులసి రసం, కరెంటు, ఆ మెసేజు

ఈ వారంలో ఈ మెసేజు రావడం ఇది నాలుగోసారి. "రోజూ పరగడుపున తులసి రసంలో పసుపు కలిపి తాగండి. సెల్‌ఫోను, ఎక్స్‌రే, క్యాన్సర్ కరెంటు, ఏ రేడియేషనూ మీ కణాలను తాకదు. శాస్త్రవేత్తలు నిరూపించారు. డాక్టర్లకు చెప్పకండి, ఒప్పుకోరు." కరెంటు అంటే క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్స. పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే.

సెల్‌ఫోను తరంగాలకు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టి కణాలను దెబ్బతీసేంత శక్తి లేదు. ఛాతీ ఎక్స్‌రేలో అందేది సుమారు 0.1 మిల్లీసీవర్టు (రేడియేషన్ మోతాదు కొలత), నేల నుంచీ గాలి నుంచీ ఆకాశం నుంచీ ఏటా సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ అందుతోంది. వీటికి రసం దేనికి?

పసుపు సంగతి. అమెరికాలో 30 మంది రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇచ్చినప్పుడు, పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం కరెంటు వల్ల చర్మం కమలడాన్ని తగ్గించింది. 686 మందితో మళ్లీ చూస్తే ఆ మేలు నిలవలేదు.

"నిరూపించారు" అన్నదాంట్లో మాత్రం నిజం ఉంది. మణిపాల్ కస్తూర్బా వైద్య కళాశాలలో ఉమాదేవి బృందం తులసిలోని ఓరియెంటిన్, వైసెనిన్ అనే పదార్థాలు చిట్టెలుకలను రేడియేషన్ నుంచి కాపాడగలవని చూపింది. గట్టి పని అది, నాకు గౌరవం ఉంది. కానీ అక్కడ వాడింది తూచిన మోతాదు, అదీ రేడియేషన్‌కు ముందే సూదితో ఇచ్చారు. మనుషుల రక్తకణాలను పరీక్షించింది గాజు పాత్రలో.

నాకు మండేది మెసేజులోని ఆ మూడో మాటకు, క్యాన్సర్ కరెంటు అన్నదానికి. కరెంటు గడ్డను చంపేది ఎక్కువగా కణంలోని నీటిని విరిచి, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన తునకలను పుట్టించే. ఆ రాడికల్స్‌నే ఈ రసాలు తుడిచేస్తాయంటున్నారు. సరే, ఏది మంచి కణమో ఏది గడ్డ కణమో రసానికి ఎవరు చెప్తారు? కెనడాలోని క్యుబెక్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మందితో పరీక్ష చేశారు. విటమిన్ ఈ, బీటా కెరోటిన్ కలిపి తీసుకున్నవారికి కరెంటు బాధలు తగ్గాయి. తర్వాతి ఏళ్లలో మరణాలు మాత్రం విటమిన్ వర్గంలోనే ఎక్కువయ్యాయి. అవి తులసి కాదు, నిజమే. పని చేసే దారి అదే.

మా పెద్దమ్మకు గొంతులో గడ్డ. బల్ల మీద పడుకోబెట్టి ముఖానికి వల మాస్కు బిగిస్తారు. బయటికి వచ్చాక కూడా బుగ్గల మీద ఆ గళ్ల అచ్చులు పోవు. నోరంతా పుండ్లు. ఆ నోటితో, సంచిలోంచి స్టీలు సీసా తీసి, పచ్చటి రసం గుటక వేస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటుంటే చూశాను. డాక్టరుకు ఎందుకు చెప్పలేదని అడిగితే ఫోను తీసి ఇదే మెసేజు చూపించింది. మా ఇంటి గ్రూపులోనే వచ్చింది.

మరుసటి రోజు నేనే వెంట వెళ్లి డాక్టరుకు చెప్పించాను. ఆయన కోప్పడలేదు, ఎన్నాళ్లుగా తాగుతున్నారని అడిగి రాసుకున్నారు, ఆపమన్నారు. ఇంకా పదకొండు సిట్టింగులు ఉన్నాయి. ఇప్పుడు ఆ సీసాలో చల్లార్చిన రాగి జావ పోసి పంపుతున్నాం.