నూటికి ముప్పై తొమ్మిదా, నూటికి అయిదా?

కవిటిలో ఉండే మా మావయ్య ఫోన్ చేతికిచ్చి చదవమన్నాడు. ‘కిడ్నీ జబ్బును 39 శాతం తగ్గించే మాత్ర’ అని వాట్సాప్‌లో వచ్చిన వార్త. ‘ఇదేటల్లుడూ, నూటికి ముప్పై తొమ్మిది మందికి నయమైపోద్దేటి?’ అన్నాడు. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. టీ కొట్టు దగ్గర కూడా కిడ్నీల పనితనం తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతుందో మాట్లాడుకునే ఊళ్లు ఇవి.

వార్త అబద్ధమేం కాదు. డపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్రను కిడ్నీ రోగులపై పరీక్షించిన డాపా-సీకేడీ అధ్యయనం 2020లో వెలువడింది. 4,304 మందిని రెండు సగాలు చేసి, ఒక సగానికి అసలు మాత్ర, రెండో సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కిడ్నీ పనితనం సగానికి పడిపోవడం, డయాలసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం, వీటిలో ఏదో ఒకటి సుమారు రెండున్నరేళ్లలో ఎందరికి జరిగిందో లెక్కపెట్టారు. ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 312 మందికి, అంటే నూటికి 14.5. మందు వాడినవాళ్లలో 197 మందికి, నూటికి 9.2.

తేడా 5.3. మరి 39 ఎక్కడిది? 14.5 మీద 9.2 ఎంత తక్కువని చూస్తే 37 శాతం వస్తుంది. ఎవరికి ఎప్పుడు జరిగిందన్నదీ లెక్కలో కలిపితే 39 అయింది. రెండూ నిజమే, కానీ వార్తలకెక్కేది పెద్ద అంకే. జీడిపిక్కల ధర ముప్పై శాతం పెరిగిందంటే మా రైతు ‘బస్తా ఎంత మీద?’ అనడుగుతాడు. మందు దగ్గరికొచ్చేసరికి అడగడు.

మావయ్యకు తలల లెక్కన చెప్పాను. అలాంటి రోగులు వందమంది మాత్ర వేసుకుంటే, సుమారు 86 మందికి ఆ రెండున్నరేళ్లలో మాత్ర లేకపోయినా ఏమీ కాదు. తొమ్మిది మందికి వేసుకున్నా ముప్పు తప్పదు. మధ్యలో అయిదుగురు బయటపడతారు. అంటే 19 మంది వాడితే ఒకరికి మేలు. నా మటుకు ఇది గొప్ప ఫలితమే, 2020లో మన దేశంలో పేటెంటు తీరి చవక రకాలు వచ్చాక మరీను. ఆ అయిదుగురు ఎవరో ముందుగా తెలీదు, అదీ చిక్కు.

అసలే ముప్పు తక్కువున్న చోట, నూటికి ఇద్దరికే వచ్చేదున్నచోట, అదే 39 శాతం నూటికి ఒక్కరి పాటి కూడా చేయదు.

నన్ను తొలిచేది వేరే సంగతి. ఆ అధ్యయనంలోకి మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా పోయేవాళ్లనే తీసుకున్నారు. మూడింట రెండొంతుల మందికి షుగరు. ఉద్దానం జబ్బు తీరు అది కాదు. చాలామందికి షుగరుండదు, ఆల్బుమిన్ పోయేదీ తక్కువే, కారణం ఇప్పటికీ తేలలేదు. జీడితోటలో ఎండన పడి పనిచేసే మనిషికి ఆ 19 అలాగే వర్తిస్తుందని ఎలా చెప్పగలం? ఇదే కోవ మందు ఎంపాగ్లిఫ్లోజిన్‌ను 6,609 మందిపై పరీక్షించిన ఎంపా-కిడ్నీలో ఆల్బుమిన్ పోనివాళ్లనూ చేర్చుకున్నారు. మొత్తంమీద ముప్పు నూటికి 16.9 ఉన్నది 13.1కి తగ్గింది. ఆల్బుమిన్ తక్కువ పోయేవాళ్లలో మాత్రం ప్రధాన ఫలితంలో తేడా తేలలేదు. వాళ్లకు జబ్బు నెమ్మదిగా ముదురుతుంది కాబట్టి రెండేళ్ల గడువు చాలలేదేమో.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఉన్న రోగులతోనే ఇలాంటి పరీక్ష పెట్టడానికి అంతకంటే తగిన చోటు ఇంకెక్కడుంది?

‘నీ మూత్రం రిపోర్టు చూపించు మావయ్యా’ అన్నాను. ప్లాస్టిక్ సంచిలోని కాగితాలన్నీ మంచం మీద పరిచాడు. క్రియాటినిన్ రిపోర్టులు పదకొండు దొరికాయి. ఆల్బుమిన్‌ది ఒక్కటీ లేదు.