ఎండకా, వానకా, షోకా? మా కారు మడత టాపుకి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ మడత టాపు గారి సముఖానికి,

బెజవాడ పటమట నుంచి, తమరి కింద కూర్చుని తడిసేవాడు రాసుకునేది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం మాత్రం నెలకోసారి ఆటోనగర్ వెళ్ళి కనుక్కోవాల్సి వస్తోంది. గారూ తమరూ అని ఇంకో రెండు వాక్యాలు నెట్టుకు రాగలనేమో గానీ, నీకు పెట్టిన ఖర్చు గుర్తొస్తే ఆ మర్యాద నిలవట్లేదు. నువ్వు అనే రాస్తా, ఏమీ అనుకోకు.

అసలు నీ ఉద్యోగం ఏంటో చెప్పు. కారన్నాక కప్పు ఉండాలి, కాదనను. కానీ నువ్వు వెనక్కి ముడుచుకుని కనపడకుండా పోతేనే ఆ కారుకి అందం. కనపడకపోవడమే గొప్పగా బతికేవాళ్ళలో నువ్వూ, మా వార్డులో గెలిచినాయనా తప్ప ఇంకెవరూ నాకు తెలీదు. పోనీ నిన్ను మడిచే రోజులైనా ఎన్నున్నాయి? మార్చి నుంచి జూన్ దాకా ఈ ఊళ్ళో టాపు తీసి తిరిగేవాణ్ణి మధ్యాహ్నానికల్లా ఆస్పత్రిలో పడేసి సెలైన్ ఎక్కిస్తారు. మే నెలలో ఎండ 45 కొట్టిన రోజు స్టీరింగు మీద చెయ్యి వేస్తే దోసె పెనం మీద వేసినట్టే. ఆ తర్వాత వానలు, వానలయ్యాక తుపాన్లు. లెక్కేస్తే సంక్రాంతికి అటూ ఇటూ ఓ నెలన్నర మిగులుతుంది. ఆ నెలన్నర షోకు కోసం మిగతా పదిన్నర నెలలు నీకు ఊడిగం.

తప్పంతా నీదే అననులే. మా నాన్నదీ ఉంది. ఆయన కొన్నది హెరాల్డ్. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్ళు తెచ్చిన బండి, దాని ఒళ్ళు గీసింది మికెలొట్టి అనే ఇటలీ ఆయన, మనకి 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది. అప్పటికే చాలా కార్లు ఛాసిస్ అనే కింది చట్రం వేరు, బాడీ వేరు అనే పద్ధతి వదిలేశాయి, దీనికి మాత్రం రెండూ విడివిడిగానే ఉండేవి, పైకప్పు కూడా బోల్టులు విప్పితే ఊడి చేతికొచ్చేది. అదే మా కొంప ముంచింది. ఊడొచ్చేది ఉంది కదా అని మా నాన్న కంటే ముందు ఎవరో మహానుభావుడు ఊడదీసేసి, ఆ బోడి నెత్తి మీద నిన్ను తగిలించాడు. మా నాన్న ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు, నిన్ను చూసి కొన్నారు. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట అంటుంది, అదీ వాన పడ్డప్పుడల్లా.

సరే, నీ సంగతి పక్కన పెడతా. నీ వెనక కుట్టుకుని ఒక ప్లాస్టిక్ అద్దం ఉంది చూడు, దాని గురించి మాట్లాడాలి. అద్దం అనడం మన సంస్కారం. ఒకప్పుడు అందులోంచి వెనక వచ్చే బండి నంబరు కూడా చదవగలిగేవాళ్ళం. ఆ ప్లాస్టిక్ మెత్తగా మడతపడటానికి దాంట్లో నూనెలాంటి పదార్థం ఒకటి కలుపుతారు, ఎండకి అది ఏళ్ళ తరబడి మెల్లగా బయటికి పోతూ ఉంటుంది, అద్దం ముందు పసుపెక్కుతుంది, తర్వాత బిరుసెక్కుతుంది, ఆఖరికి మడత పడే చోట తెల్లటి గీత పడి ఒక రోజు అప్పడంలా పుటుక్కుమంటుంది. మనది ఆ చివరి దశకి రాకముందే మా బావమరిది పుణ్యం కట్టుకున్నాడు.

గుణదలలో మా పెదనాన్న మనవడి పెళ్ళి. టాపు తీస్తే ఊరేగింపుకి బావుంటుందని బండి అడిగారు, ఇచ్చాను, అక్కడికి నాది పెద్ద మనసు. బ్యాండు, బంతిపూల దండలు, చమ్కీలు అన్నీ భరించాను. రాత్రి పదకొండుకి నాలుగు చినుకులు పడితే టాపు వేశాం. అప్పుడు పెళ్ళికొడుకు స్నేహితులు స్నో స్ప్రే డబ్బాలు తీసి, నురగంతా సరిగ్గా వెనక అద్దం మీదే కుమ్మరించారు. తెల్లారేసరికి అది అట్టకట్టింది. నేను నిద్రలేచేలోపు మా బావమరిది సాయం చేద్దామని, పెయింటు పనికి తెచ్చిన థిన్నర్ గుడ్డకి పోసి నున్నగా తుడిచాడు. నురగ పోయింది బావా, చూడు, అన్నాడు. చూశాను. నురగా పోయింది, అవతల కనపడే గుణదల కొండా పోయింది.

ఆ రోజు నుంచి బందరు రోడ్డు మీద నా వెనక వచ్చేది సిటీ బస్సో, ఏనుగో, ఉదయిస్తున్న సూర్యుడో తెలిసేది కాదు. రాత్రిపూట లారీ లైటు పడితే అద్దం మొత్తం గుళ్ళో హారతి పట్టినట్టు వెలిగేది, దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకునేవాణ్ణి. వన్ టౌన్‌లో రివర్సు తియ్యాలంటే మా ఆవిడ దిగి, వెనక నిలబడి, రానీ రానీ రానీ అని పిలవాలి. ఆవిడ రానీ ఆపేసిందంటే ఏదో తగిలిందని అర్థం.

నీ ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదని కొంచెం చదివాను కూడా. పోర్షే వాళ్ళ బాక్స్‌టర్ ఉంది కదా, 1996లో వచ్చింది, దానికీ మొదట్లో వెనక ప్లాస్టిక్ అద్దమే. టాపు దానంతటదే మడతపడుతుంటే అద్దం సరిగ్గా మడవదని, దాని ఓనర్లు సగంలో ఆపి, దిగి, అద్దం నడిమధ్యలో అరచేతి అంచుతో ఒక దెబ్బ వేసి, మళ్ళీ ఎక్కి స్విచ్చి నొక్కేవాళ్ళు. ఆ దెబ్బకి బాక్స్‌టర్ చాప్ అని పేరు కూడా పెట్టుకున్నారు. 2002లో నిజం అద్దం వచ్చాక ఆ దెబ్బలు తప్పాయి. అంత ఖరీదు బండి వాళ్ళే రోడ్డు పక్కన దిగి టాపుని కొడుతున్నారని చదివాక ఆ రాత్రి నాకు నిద్ర బాగా పట్టింది.

ఇక మరమ్మతు. ముందు ఏసీ ఉన్న షాపుకి వెళ్ళడం నా బుద్ధి తక్కువ. కాఫీ ఇచ్చారు, కేటలాగు చూపించారు, మే నెల మధ్యాహ్నం షెడ్డు బయట ఎండలో పెట్టి కొత్త రెక్సిన్ లాగి, ఢంకాలా బిగించి ఇచ్చారు. వేలితో కొడితే మోగింది. మురిసిపోయాను. డిసెంబరు వచ్చింది. తెల్లవారుజామున చల్లగా ఉందని టాపు వేద్దామంటే కొక్కెం అందలేదు, ముందు అద్దం చట్రానికి రెండు వేళ్ళ ఎడం. ఎండకి సాగిన రెక్సిన్‌ని సాగినంత మేరా లాగి బిగిస్తే, చలికి ముడుచుకున్నప్పుడు ఎక్కడికి పోతుంది? నేనూ మా ఆవిడా చెరో పక్క కడ్డీ పట్టుకుని వేలాడాం. వాకింగ్‌కి వెళ్ళే ఎదురింటాయన ఆగి, ఏమండీ కొత్త ఆసనమా, అని అడిగాడు.

రెండోసారి ఆటోనగర్‌లో ఓ సందు చివర, ఆటోలకి టాపులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళా. ఒకప్పుడు రిక్షాలకీ, తర్వాత జీపులకీ కుట్టిన చెయ్యి అది. నీ చుట్టూ ఓసారి తిరిగి, వెనక అద్దాన్ని వేలి గోటితో మీటి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని అడిగాడు.

"బాబూ, ఇది ఎండకా, వానకా, షోకా?"

"అన్నిటికీ బాబాయ్."

"అన్నిటికీ అంటే ఆటో కొనుక్కోవాల్సింది."

చూడు, నీ పరువు ఎక్కడికొచ్చిందో. కానీ ఆ మనిషి పని చూసి తీరాలి. నిన్ను చించలేదు. పాత కుట్లు ఒక్కొక్కటీ బ్లేడుతో విప్పి, ముక్కలన్నీ నేల మీద పరిచి, వాటి చుట్టూ సుద్దతో గీసి కొత్త గుడ్డ కత్తిరించాడు. కడ్డీల మీద ముందు నుంచి వెనక్కి పోయే పట్టీలు చూపించి, రోగం ఇక్కడుంది బాబూ, ఇది నవారు లాంటిదే, ఇది సాగితే కడ్డీల మధ్య ఎడం మారుద్ది, పైన ఎంత కొత్త గుడ్డ వేసినా ముసలోడి మంచంలా కుంగుద్ది, అన్నాడు. ఏసీ షాపు వాళ్ళు వాటిని ముట్టుకోనేలేదు. వెనక అద్దానికి మిల్లీమీటరు మందం షీటు తెప్పించాడు, అంగుళానికి ఐదారు కుట్లే పడేలా హెవీ మిషను సరిచేశాడు. ఇంకా దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుంది కదా బాబాయ్ అన్నా. నవ్వాడు. పోస్టు స్టాంపు చుట్టూ చిల్లులెందుకు పెడతారు, చింపడానికే కదా, అన్నాడు. దారం కూడా నూలు దారం కాదు, పాలిస్టర్. అద్దం చుట్టూ జిప్పు వేశాడు, మడిచే ముందు విప్పి చాపలా పరుచుకోవచ్చని. చివరికి సాయంత్రం నాలుగింటిదాకా ఆగి, ఎండ తగ్గాక బిగించాడు. కొక్కెం పడేసి, వారం దాకా తెరవకు, దాని ఒంటికి అది అలవాటు పడాలి, అని పంపించాడు. బాలింతని పంపినట్టు.

ఆ జాగ్రత్తలు వింటే అయ్యప్ప దీక్షే తేలిక. దుమ్ము మీద పొడిగుడ్డ వెయ్యకూడదు, ముందు నీళ్ళు పొయ్యాలి. ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా మందు వాడకూడదు, పేపరుతో రుద్దకూడదు. మడిచేటప్పుడు మడతలో మెత్తటి గుడ్డ పెట్టాలి, మా నాన్న పాత పంచె దానికి పోయింది. తడిగా ఉండగా అసలు మడవకూడదు, బూజు పడుతుంది. థిన్నర్ డబ్బా, బావమరిది ఒకే ఇంట్లో ఉండకూడదు, ఇది మాత్రం నేను కలిపింది.

ఇంత చేశాక మొన్న ఉండవల్లి నుంచి వస్తుంటే ప్రకాశం బ్యారేజీ మధ్యలో వాన అందుకుంది. ముందుకి పోలేం, ఆగలేం. అద్దంలో చూశా, వెనక ఆటో స్పష్టంగా కనపడింది, దాని నంబరు కూడా చదివాను, కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ముందు అద్దం మూల నుంచి ఒక చుక్క జారి నా కుడి మోకాలి మీద పడింది. తర్వాత ఇంకోటి. వెనక ఆటోలో నలుగురు పొడిగా కూర్చుని ఉన్నారు, వాళ్ళ టాపు కూడా ఆ పెద్దాయన కుట్టిందే అయ్యుంటుంది.

మూల రబ్బరు ఎండి బిరుసెక్కిందట, రేపు రమ్మన్నాడు. వస్తున్నా. ఈలోపు ఇంద్రకీలాద్రి వైపు మళ్ళీ నల్లగా పట్టింది, సీటు మీద టర్కీ టవలు పరిచే వచ్చి ఇది రాస్తున్నా.

ఇట్లు,
నీ నీడనే తడిసినవాడు

తా.క. మాఘమాసంలో ఇంకో పెళ్ళికి బండి అడిగారు. స్నో స్ప్రే వాడబోమని కాగితం మీద సంతకం పెట్టించుకున్నా. పెళ్ళికొడుకు మా బావమరిదే.